గోడ నిండా గూళ్ళు

మా కడపలో భూమి కదిలితే ఎవరూ భూకంపం అనుకోరు, క్వారీ అనుకుంటారు. చుట్టూ బండలు పేల్చే ఊళ్ళే. కిటికీ తలుపులు గడగడలాడితే "ఈ నా కొడుకులకు పండగ లేదు పబ్బం లేదు" అని క్వారీ వాళ్ళను తిట్టుకుని మళ్ళీ పనిలో పడతాం. ఆ రోజు పొద్దున కూడా మా వీధి మొత్తం ముందు క్వారీనే తిట్టింది. తర్వాత ఎవరో ఫోన్లో చూసి భూకంపమంట అని చెబితే, తిట్టింది వెనక్కి తీసుకోకుండానే అందరూ బయటికి పరిగెత్తారు. అప్పటికి భూమి కదలడం ఆగి పావుగంటయింది.

నేనప్పుడు కడపలో ఒక హైస్కూల్లో తెలుగు టీచరుని. మొగుడూ పిల్లలూ కర్నూల్లో. వారమంతా మా పుట్టింట్లో అత్త దగ్గరుండి, శనివారం సాయంత్రం బస్సెక్కి కర్నూలు పోయేదాన్ని. అమ్మా నాయనా పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్తే. అత్త అంటే మా నాయన చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మా వీధిలో నలభై దాటిన మగాళ్ళందరికీ ఆమె ఎప్పుడో ఒకప్పుడు సూది వేసినదే. అందుకే ఆమె ఎదురైతే ఎంతటి లీడరైనా కాస్త పక్కకు తిరిగి నిలబడతాడు. ఇల్లు మాత్రం నా తమ్ముడి పేరు మీద ఉంది. వాడికి ఆత్మకూరులో ఎరువుల అంగడి, దాని మీద రెండంతస్తుల ఇల్లు. కడప ఇంటికి సంవత్సరానికి ఒకసారి వచ్చి, పన్ను రసీదు చూసుకుని పోతాడు.

మాది పాత మిద్దె. రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడలు, పైన దూలాలు, దూలాల మీద బండలు, బండల మీద మట్టి. పక్కింటికీ మాకూ మధ్య గోడ ఒకటే. పక్కింటి వాళ్ళకు పల్లెలో భూములున్నాయి, ఇప్పుడు ఆయన రోడ్డు కాంట్రాక్టులు చేస్తాడు. మేము మూడు తరాల నుంచి చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు మూడు తరాల నుంచి ఒంటిమిట్టకు పోయేవాళ్ళు. ఆ మూరన్నర మందం గోడకు అటు దూలాలు వాళ్ళవి, ఇటు దూలాలు మావి. ఆ గోడ పడితే రెండిళ్ళూ ఒకేసారి కూర్చుంటాయి. ఈ సంగతి రెండిళ్ళలో అందరికీ తెలుసు. తెలిసీ ఏం చేశామో చెబుతాను.

మా వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటికి కొత్త కోడలు వస్తే, నెల తిరక్కముందే ఆమెకంటూ గోడలో ఒక గూడు తవ్వించి ఇస్తారు. అది ఆమెది. దువ్వెన, పౌడరు డబ్బా, పుట్టింటి ఫోటో, మొగుడికి తెలియకుండా దాచుకున్న తలనొప్పి మాత్రలు, ఏవైనా పెట్టుకోవచ్చు. ఇంకెవరూ దాంట్లో చెయ్యి పెట్టకూడదు, అత్తగారైనా సరే. వాళ్ళు గూటికి పసుపు రాస్తారు, మేము గూటి ముందు నిలబడి ప్రార్థన చేస్తాం. తవ్వడం మాత్రం ఇద్దరమూ తవ్వుతాం. వీధి గోడలో తవ్వితే దొంగలు కన్నం వేస్తారని భయం, పెరటి గోడలో తవ్వితే వాన నీళ్ళు దిగుతాయని భయం. కాబట్టి అందరూ తవ్వేది నడిమి గోడలోనే. అటు ముగ్గురు కోడళ్ళు, ఇటు ముగ్గురు కోడళ్ళు, అటు దేవుడి గూడు, ఇటు బైబిలు గూడు, దీపానికొకటి, రేడియోకొకటి. మొన్నీమధ్య పక్కింటాయన పెద్ద టీవీ కొని, అది గోడలోకి పోవాలని ఒక మంచమంత మేర చెక్కించాడు. ఎవరి పక్క వాళ్ళు తవ్వుకుంటూ పోయారు తప్ప, అవతల ఎంత మిగిలిందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. బుద్ధున్న జాతి అయితే ఇలా చేస్తుందా?

భూమి కదిలినప్పుడు నేను మా అమ్మ గూటి ముందు ఉన్నాను. అమ్మ పోయాక ఆ గూడు నాకు వచ్చింది. జుట్టు విరబోసుకుని ముఖానికి పౌడరు పూసుకుంటున్నాను. నాకు పౌడరు కొంచెం దండిగా పూసుకునే అలవాటు, పిల్లలు వెనక నవ్వుతారని తెలుసు, అయినా సరే. కాళ్ళ కింద ఏదో లారీ పోయినట్టనిపించింది. గూట్లో వెనక గోడ గప్పున దుమ్ము లేపి కూలింది. దుమ్ము అణిగేసరికి ఎదురుగా హారతి కర్పూరం వెలుగుతోంది. దాని వెనక పక్కింటి వదిన కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని నిలబడి ఉంది.

ఆమె కళ్ళు తెరిచింది. దేవుడి గూట్లో, పటాలు ఉండాల్సిన చోట, తెల్లటి ముఖం, విరబోసిన జుట్టు.

"అమ్మా! తల్లీ!" అని అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడిపోయింది.

"వదినా, నేను," అన్నాను.

"ఏం కావాల తల్లీ, చెప్పు తల్లీ!"

"ఏమీ వద్దు వదినా. నేను, పక్కింటి టీచరమ్మని."

ఆమె తలెత్తి తేరిపార చూసింది. భక్తి దిగిపోయింది, కోపం ఎక్కింది. "నువ్వా! నీ మొగం మండ! మా సామి యాడమ్మే?"

వాళ్ళ ఒంటిమిట్ట రాముడి పటం నా పౌడరు డబ్బా మీద బోర్లా పడి ఉంది. తీసి, కొంగుతో తుడిచి, గూట్లోంచే అందించాను. తీసుకుంటూ ఆమె పటాన్ని వాసన చూసింది. మల్లెపూల పౌడరు వాసన వస్తోందని పెరుగుతో కడిగిందని తర్వాత తెలిసింది.

నవ్వు అక్కడితో అయిపోయింది. లోపలి గదిలోకి పోయి చూస్తే, పై దూలం దగ్గర మొదలైన పగులు గోడ మీదుగా అడ్డంగా దిగి, అత్త మంచం దాకా వచ్చింది. నా చెయ్యి దాంట్లో పడుతుంది. దూలం ఆనుకున్న రాయి ఒక పక్కకు జరిగి ఉంది. అత్త మంచం మీద కూర్చుని, జుట్టులో పడిన మట్టి దులుపుకుంటూ ఆ రాయి వైపే చూస్తోంది.

"క్వారీ వాళ్ళా?" అంది.

"కాదత్తా, భూకంపం."

"అట్లనా. పాపం, నేను ఊరికే తిడ్తి గదా వాళ్ళను," అంది.

ఆ మధ్యాహ్నానికి పలకరింపులు మొదలయ్యాయి. మా పాస్టరుగారు వచ్చి ఇంటి కోసం ప్రార్థన చేశారు. కళ్ళు తెరుచుకుని, పైకప్పు వైపు చూస్తూ ప్రార్థన చేసిన పాస్టరుని నేను అదే మొదటిసారి చూడడం. ఆమెన్ అనగానే రెండడుగుల్లో వీధిలో ఉన్నారు. పక్కింటికి వచ్చిన పంతులుగారు అంతకన్నా తెలివైనవాడు, గడప దాటకుండానే మంత్రం చదివి అక్షింతలు లోపలికి విసిరాడు.

మర్నాడు తమ్ముడు ఆత్మకూరు నుంచి కారేసుకుని దిగాడు. వాడూ పక్కింటాయనా కలిసి ముందు గంటసేపు పోట్లాడుకున్నారు. మీ పక్క గూళ్ళ వల్ల పగిలిందని ఆయన, మీ టీవీ వల్ల పగిలిందని వీడు. మీ రేడియో గూడు, మీ దేవుడి గూడు, మీ నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకు సరిగ్గా ఆ గోడ నెత్తినే పెట్టాడు ఆయన, ఏనుగంత ట్యాంకు. "నీళ్ళకేం బరువప్పా?" అన్నాడు. రోడ్లు వేసే కాంట్రాక్టరు నోటి నుంచి ఆ మాట విన్నాక మా జిల్లా రోడ్లన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

గంట తర్వాత చూస్తే ఇద్దరూ ఒక్కటైపోయారు. రెండిళ్ళూ పడగొట్టి కలిపి అపార్టుమెంటు కడదాం, నువ్వు జాగా ఇయ్యి, నేను కడతా అని ఆయన. సరే అని వీడు. టీ నేనే పెట్టిచ్చాను, ఖర్మ.

"అత్తా, నువ్వు ఆత్మకూరుకు వచ్చేయి. పైన రూము ఖాళీగా ఉండాది. గాలి బాగా వస్తాది," అన్నాడు తమ్ముడు.

"నేను రానప్పా," అంది అత్త.

"ఈడ గోడ పడిపోతాంది అత్తా!"

"పడిపోతాంటే నిలబెట్టండి. ఇంతమంది మగోళ్ళు ఉండారు గదా."

"మళ్ళా భూకంపమొస్తే?"

"వస్తే రానీ. ఇంటి అడ్రసు దానికి తెలిసిపోయినాది గదా, ఎవురినీ అడగాల్సిన పన్లేదు."

తమ్ముడు నావైపు తిరిగాడు. పదిరోజుల గడువు ఇవ్వమని వాడిని నేను అడిగాను. ఆ లోపల గోడ నిలబడే దారి దొరికితే సరే, లేకపోతే నీ ఇష్టం అన్నాను. వాడు ఒప్పుకున్నాడు, దారి దొరకదని వాడి ధైర్యం. ఇంటి కాగితం వాడి చేతిలో ఉంది కాబట్టి గడువు అడగాల్సి వచ్చింది. నేను పుట్టిన ఇంటికి, అత్త పుట్టి పెరిగి ముసలిదైన ఇంటికి, వాడి దగ్గర గడువు! ఒళ్ళు మండింది గానీ నోరు మూసుకున్నాను.

రాతిగోడల పని తెలిసిన మేస్త్రీ పాతబస్తీలో ఒకాయన ఉన్నాడని విని పిలుచుకొచ్చాను. తెల్ల గడ్డం, నెత్తిన టోపీ, చేతిలో చిన్న సుత్తి. సుత్తి పిడితో గోడను తడుతూ, చెవి ఆనించి వింటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తర్వాత పక్కింట్లోకి పోయి అటు నుంచి తట్టుకుంటూ వచ్చాడు. కూలిన మా అమ్మ గూట్లోంచి తల ఇటు పెట్టి మాట్లాడాడు.

"అక్కా, ఇది గోడ గాదు. గూళ్ళ అంగడి."

"నిలబడతాదా, నిలబడదా? అది చెప్పు భాయ్."

"నిలబడతాది. ట్యాంకు దించాల. టీవీ ఊడదియ్యాల. అన్ని గూళ్ళూ రాయి పెట్టి సిమెంటుతో పూడ్చాల. ఈడీడ ఇట్నించి అట్లకు పట్టేటట్టు పొడుగురాళ్ళు అడ్డంగా దూర్చాల, అప్పుడు రెండు పక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పది దినాల పని."

"అన్నీ పూడ్చాల్నా?"

"అన్నీ. ఒక్కటి విడిచినా ఆడ్నించే పగులుతాది. ఒక్కటి మాత్రం ఉండనీ భాయ్ అంటే నేను పని ముట్టుకోను. రేపు ఎవురి మీదన్నా బండ పడితే ఆ పాపం నాకొద్దు."

ఆ మాటకు పక్కింటి వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవుడి గూటికి కాదు, తన గూటికి. ఆమె వచ్చిన ఏడు మామగారు దగ్గరుండి తవ్వించిన గూడట. అయినా సరే పూడ్చమంది. నేనూ అమ్మ గూడు పూడ్చమన్నాను. ఎవరెంత చెప్పినా వినని పక్కింటాయన, వదిన ఒక్క చూపు చూస్తే ట్యాంకు దింపడానికి, టీవీ ఊడదీయడానికి ఒప్పుకున్నాడు. నాకు సంతోషం పట్టలేదు. అత్త అయితే మేస్త్రీకి తన చేత్తో ఆమ్లెట్టు వేసి పెట్టింది.

తిని, మూతి తుడుచుకుని, ఆయన అత్త గదిలో ఆఖరిసారి గోడ తట్టాడు. మంచం తలాపున చర్చి వాళ్ళు ఇచ్చే వాక్యాల క్యాలెండరు వేలాడుతుంటుంది, ఏటేటా మారుతుంది. దాని మీద తట్టి ఆగాడు. మళ్ళీ తట్టాడు.

"ఈడ గూడా ఒకటి ఉండాదే!" అన్నాడు.

"ఆడేమీ లేదు భాయ్, అది నాకు తెలుసు," అన్నాను.

"ఆడ ఎలుకలుంటాయి మేస్త్రీ!" కూలిన గూట్లోంచి వదిన అరిచింది. "ఎన్నేండ్లనుంచో గీకుతాండాయి. నేను బోను పెడ్తి, మందు పెడ్తి, పిల్లిని తెచ్చి పెడ్తి. సావవు. ఇంకో చోద్యం, ఆదివారం మధ్యాన్నం మాత్రమే గీకుతాయి!"

మేస్త్రీ క్యాలెండరు పైకెత్తాడు. వెనక గోడలో చిన్న చెక్క తలుపు. పలకంత ఉంది, సున్నం రంగులో కలిసిపోయి ఉంది. ఆ గదిలో నేను ఆడుకున్నాను, చదువుకున్నాను, అలిగి పడుకున్నాను. వారానికి ఆరు రోజులు ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఆ తలుపు నేనెప్పుడూ చూడలేదు.

అత్త లేచి వచ్చి క్యాలెండరు మేస్త్రీ చేతిలోంచి తీసుకుని, మళ్ళీ మేకుకు తగిలించింది. వదిన గొంతు వచ్చిన వైపు తిరిగి, "అమ్మే, ఆ ఎలుకను నేనే," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, వీధంతా తిని పడుకున్న వేళ, తలుపు గడియ పెట్టుకుని అత్త గోడ తవ్విందన్నమాట. స్క్రూడ్రైవరుతో, అట్లకాడతో. తీసిన మట్టి మల్లెచెట్టుకు పోసింది. మా మల్లెచెట్టు మొదట్లో అంత ఎత్తున దిబ్బ ఎందుకుందో ఆ రోజు తెలిసింది.

"ఇది మాత్రం పూడ్చొద్దు," అంది అత్త.

మేస్త్రీ వినయంగానే చెప్పాడు. "అక్కా, పగులు సక్కా దీని మీదనే పోతాంది. ముందు పూడ్చాల్సింది ఇదే."

"వద్దంటి గదా."

ఆయన సుత్తి సంచిలో వేసుకుని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముడికి ఫోనులో చెబితే వాడి గొంతులో నవ్వు దాగలేదు. "ఆమెకే వద్దంటే ఇంక నువ్వేం చేస్తావక్కా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "దాంట్లో బంగారముంటాది. నాయనమ్మ కడియాలు రెండు కనపడలేదు, గుర్తుందా?" అన్నాడు. నాకు మాత్రం ఉత్తరాలనిపించింది. ఆసుపత్రిలో ఒక డాక్టరు ఉండేవాడు, క్రిస్మస్‌కు కేకు పట్టుకుని ప్రతి ఏడూ వచ్చేవాడు. ఆయనవై ఉంటాయని నేను ఖాయం చేసుకున్నాను. వదిన అయితే, ఎవరి మీదో చేతబడి చేసిన బొమ్మ అంది. తన మీద కాదు కదా అని రెండుసార్లు అడిగింది కూడా.

అత్తను అడిగితే చెప్పదు. ఆ మంచం అక్కడి నుంచి జరపదు. పై నుంచి మట్టి రాలి కళ్ళల్లో పడుతోందని, తలాపున నల్లగొడుగు విప్పి మంచం కోడుకు కట్టింది. దాని కింద కూర్చుని పేపరు చదువుకుంటోంది.

"బండ పడితే గొడుగు ఆపుతాదా అత్తా?" అన్నాను.

"మట్టినైతే ఆపుతాది. బండ సంగతి బండ పడినప్పుడు చూద్దాంలే."

పదిరోజుల్లో ఏడు అయిపోయాయి. ఏడో రోజు బడి నుంచి వచ్చేసరికి గొడుగు మీద పిడికెడంత రాయి పడి, గుడ్డ చిరిగి, ఊచ ఒకటి వంగి ఉంది. అత్త ఆ చిరుగుకు సూదీ దారం పెట్టి కుడుతోంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చేతిలో సంచి నేలకేసి కొట్టాను.

"నీకు బుద్ధుండాదా! అరవై దాటినాయి, నర్సుద్యోగం చేసినావు, తలకాయ పగిలిన వాళ్ళను నువ్వు ఎంతమందిని చూసింటావు! నాకు అమ్మ లేదు, నాయన లేదు. నువ్వు గూడా ఈ బండ కింద పోతే, శనివారం బస్సుకు ఎవురికి చెప్పి పోవాల నేను? సోమవారం వస్తే ఈ తలుపు ఎవురు తీస్తారు? నువ్వు ఏం దాచుకున్నావో నాకొద్దు. బంగారమైతే నువ్వే పెట్టుకో. ఆ డాక్టరు ప్రేమ ఉత్తరాలైతే నేను చదవను, ఒట్టు. బయటికి తీసుకో, అంతే!"

అరుస్తూనే ఏడ్చేశాను. పిల్లల ముందు బెత్తం పట్టుకునే మనిషిని, ముక్కు చీదుకుంటూ నేల మీద కూలబడ్డాను. అత్త సూది గొడుగు గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "డాక్టరు ప్రేమ ఉత్తరాలా?" అంది. "ఆయప్పకు చేతిరాతే రాదుమే. మందుల చీటీ నేనే చదివి చెప్పేదాన్ని." పొద్దున నేను లేచేసరికి పాతబస్తీకి పోయి మేస్త్రీని తానే వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ రోజు తమ్ముడు కూడా వచ్చాడు. గోడ సంగతి తేల్చుకోవడానికని చెప్పాడు, కడియాల కోసమని నాకు తెలుసు. వదిన, పక్కింటాయన, మేస్త్రీ, మేము, ఇంతమందిమీ ఆ చిన్నగదిలో ఊపిరాడకుండా నిలబడ్డాం. అత్త క్యాలెండరు తీసి మంచం మీద పెట్టింది. చెక్క తలుపు ఊడదీసింది.

గూడు చక్కగా ఉంది. జానెడున్నర ఎత్తు, జానెడు వెడల్పు. పైన చిన్న కమాను. లోపల తెల్లగా సున్నం, ఈ ఏడు కొట్టినట్టే ఉంది. అడుగున నున్నగా అరగదీసిన నల్ల కడప బండ ముక్క.

మేస్త్రీ ముందుకు వంగి, వేలితో మూలలు తడిమాడు. "మాషా అల్లా! ఎవురు చేసినారక్కా ఇది? ఏ మేస్త్రీ?"

"నేనే."

"కమాను గూడానా?"

"అది రెండుసార్లు కూలిపోయినాది. మూడోసారి నిలబడింది."

తమ్ముడు మేస్త్రీని పక్కకు తోసి లోపలికి చూశాడు. చెయ్యి పెట్టి వెనక దాకా తడిమాడు. గూట్లో ఏమీ లేదు. ఒక పిన్నీసు కూడా లేదు.

నేను నవ్వాను. ఏడు రోజుల భయం అంతా నవ్వయి వచ్చింది. "ఏందత్తా ఇది? ఖాళీ గూటి కోసమా ఈ రభసంతా? ఏమీ పెట్టుకోలేదా దీంట్లో?"

"ఏం పెట్టుకోవాల్నో తోచలేదుమే," అంది అత్త. "తవ్వేదాంకనే తోచింది."

మిగతాదీ తనే చెప్పింది. "మీ అమ్మ ఈ ఇంటికి వచ్చిన వారానికి మేస్త్రీ వచ్చినాడు గూడు తవ్వను. నాకప్పుడు ఇరవై రెండు. ఎట్లాగూ మేస్త్రీ వచ్చినాడు గదా, నాకు గూడా ఒకటి తవ్వియ్యమంటి. నువ్వు పొయ్యే పిల్లవి, నీకు ఈడ గూడెందుకు అనె మా అమ్మ. నేను యాడికీ పోలేదు. పోలేదని చూస్తానే ఉండారు గదా, ఎవురన్నా ఇస్తారేమో అనుకుంటి. మీ నాయనను ఒకసారి అడిగితి, గోడలో ఇంక తావు లేదు అన్నాడు. ఆయన పొయినంక నేనే మొదలుపెడ్తి. గోడ పగిలింది నా వల్లే అయితే, తప్పు నాదే. ఇంక పూడ్చుకోండి."

అమ్మ గూటి ముందు నిలబడి ఎన్నేళ్ళు నేను పౌడరు పూసుకున్నాను! అమ్మ పోయినప్పుడు, ఆ గూడు నాకే అని అందరూ అన్నారు, నేనూ సరేనన్నాను. అదే ఇంట్లో పుట్టి, మా ఇద్దరి ముక్కులు తుడిచి, అమ్మకు ఆఖరి రోజుల్లో పక్క మీద అన్నీ చేసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. నీకు కావాలా అత్తా అని ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే చెంపలు వేడెక్కుతాయి.

"నీ ఒక్కదాని వల్ల కాదు అత్తా," అంది పక్కింటి వదిన. "మేమందరమూ తవ్వితిమి గదా. నీది మాత్రమే దొంగతనంగా తవ్వాల్సొచ్చింది." తర్వాత కళ్ళు తుడుచుకుని, "నీ కోసం ఎన్ని ఎలుక బిళ్ళలు తెచ్చి పెడ్తినో తల్లీ," అంది. అత్త నవ్వింది.

మేస్త్రీ అటువైపు నుంచి ఇటువైపుకు పట్టే పొడుగురాయి ఒకటి ఏరి తెచ్చాడు. కానీ గూట్లో సుత్తి వెయ్యడానికి ఆయనకు చేతులు ఆడలేదు. అత్తే సుత్తి అందుకుని, ముందు కమాను కొట్టింది. ఒక్క దెబ్బకు ఊడలేదు, బాగా కట్టింది మరి. నాలుగో దెబ్బకు పడింది. సిమెంటు కలపడం, రాళ్ళు పేర్చడం మేస్త్రీ చేశాడు. సాయంత్రానికి ఆ చోట తడి చార తప్ప ఏమీ లేదు. మిగతావి కూడా ఒక్కొక్కటే పూడ్చాం. పని మొదలుపెట్టిన పదో రోజుకు గోడ గోడయింది.

పని అయిపోయిన సాయంత్రం తమ్ముడు మళ్ళీ వచ్చాడు. పూడ్చిన గోడను అరచేత్తో చరిచి చూశాడు. అపార్టుమెంటు మాట ఎత్తలేదు. వాడు చెడ్డవాడు కాదు, వాడికి అడగకుండా అన్నీ వచ్చాయి, అంతే. మంచం మీద అత్త పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, నిజంగా ప్రేమగానే అన్నాడు:

"అత్తా, నీకు ఇనప బీరువా కొనిస్తా. అద్దం ఉండేది, తాళం ఉండేది. గూడుకంటే శానా మేలు. నీ గదిలోనే పెట్టిస్తా, ఈడనే."

"నా గదిలోనా?" అంది అత్త.

"అవునత్తా, నీ గదే గదా ఇది."

"ఆ ముక్క కాగితం మీద రాసియ్యప్పా," అంది అత్త. "బీరువా నేనే కొనుక్కుంటా."

తమ్ముడు నావైపు చూశాడు. నేను బడి సంచిలోంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి వాడి ముందు పెట్టాను.